పర్రభూములు: పోటుపాటులు నేలను కట్టువిధము, మార్చువిధము

గతమాసమున దిల్‌సుఖ్‌నగరమున కూడిన మన సంఘసభ్యుల సభలో, కృష్ణానది సాగరసంగమ ప్రాంతపు పటమొకటి గోడకు తగిలించి, పర్రభూములనుగూర్చి నాలుగు మాటలు చెప్పబోవుచుంటిని. అంతలో మూసీయొడ్డున పారాగడ్డి పండించు సభ్యులొకరు లేచి, "సారూ, మనకు సముద్రం ఏడున్నది? ఆ ముచ్చట మనకెందుకు?" అని యడిగిరి. కొందరు నవ్విరి. ప్రశ్న న్యాయమైనదే. ఆనాడు పొద్దు చాలక క్లుప్తముగా బదులు చెప్పితిని. ఇప్పుడీ పత్రికాముఖమున విపులముగా విన్నవించుచున్నాను. కడవఱకు చదివినయెడల సముద్రపుటొడ్డు నేలకును మూసీయొడ్డు నేలకును గల బంధుత్వము సభ్యులకే తేటపడగలదు.

మన మన్ను పోవు దారి

దిల్‌సుఖ్‌నగరము సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల యెత్తున, తీరమునకు వందలకొలది కిలోమీటర్ల దూరమున నున్నది. నేడిచ్చట మెట్రో రైలు, అంగళ్లు, చదువుల కేంద్రములే గాని పొలములు కనబడవు. గడ్డిఅన్నారపు పండ్ల మార్కెటు సైతము బాటసింగారమునకు తరలిపోయినది. అయినను ఇచ్చటికి ఉత్తరముగా మూసీనది నేటికిని పాఱుచునే యున్నది. అది వికారాబాదు దాపున అనంతగిరి కొండలలో పుట్టి, నగరము నడుమ ప్రవహించి, నాగోలు దాటి, మొత్తము సుమారు 240 కిలోమీటర్లు నడచి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. ఆపై కృష్ణ పులిచింతల, విజయవాడలను దాటి, పులిగడ్డ వద్ద పాయలుగా చీలి, దివిసీమను నడుమ నుంచుకొని, హంసలదీవి ప్రాంతమున సముద్రమును చేరును.

వానకాలమున గట్టు తెగి మీ చేనినుండి కొట్టుకొనిపోయిన మన్ను ఏమగునో యెన్నడైన ఆలోచించితిరా? ముతక యిసుక వాగు మలుపులలోనే నిలిచిపోవును. కొంత మన్ను చెఱువులలోను, కత్వల వెనుకను దిగును. అన్నిటికంటె సన్ననిదియు, సారవంతమైనదియు నగు బంకమన్ను మాత్రము నీటిలో తేలుచు, దారిలో అడ్డు లేనియెడల సముద్రము వఱకును పోవును. 1908 సెప్టెంబరు 28వ తేదీన నగరమును ముంచిన మూసీ వఱద యెంత యెఱ్ఱమన్ను మోసికొనిపోయి యుండునో ఊహింపుడు. సముద్రతీరమున పర్రయని పిలువబడు నేల యిట్లు ఎగువనాటి రైతుల పొలములనుండి దిగిపోయిన మట్టితో కట్టబడినది. మనము పోగొట్టుకొన్నదే అచ్చట భూమియైనది.

పోటు, పాటు

చంద్రుని ఆకర్షణవలనను, కొంతవఱకు సూర్యుని ఆకర్షణవలనను సముద్రజలము పొంగుచు తగ్గుచు నుండును. పొంగుట పోటు, తగ్గుట పాటు. మన తూర్పుతీరమున దినమునకు రెండు పోటులు, రెండు పాటులు కలవు. ఒక పోటునకును మఱుసటి పోటునకును సుమారు 12 గంటల 25 నిమిషముల యెడముండును. కావున ప్రతిదినము పోటువేళ సుమారు 50 నిమిషములు వెనుకబడును. అమావాస్యకును పౌర్ణమికిని సూర్యచంద్రులు ఒకే వరుసలో లాగుటచేత పోటు మిక్కిలి హెచ్చు. అష్టములనాట అది మిక్కిలి తగ్గు. తీరమున చేపలు పట్టువారు పంచాంగము చూడకయే యీ లెక్క చెప్పగలరు.

కాకినాడ వద్ద పర్వదినపు పోటుపాటుల నడుమ ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరు. గుజరాతులోని ఖంభాతు అఖాతమున అది పది మీటర్ల వఱకును పోవును. ఒకటిన్నర మీటరు అల్పమని తలపరాదు. డెల్టా నేల బల్లపరుపుగా నుండుటచేత ఆ యొకటిన్నర మీటరు నీరు మైళ్లకొలది లోపలికి నడచును. దినమునకు రెండుమాఱులు మునిగి, రెండుమాఱులు తేలు ఆ నడిమి నేలయే పర్రకు పుట్టినిల్లు.

బురద యేల దిగును?

నదినీటిలోని బంకమన్ను అణువులు మిక్కిలి సూక్ష్మములు. మంచినీటిలో అవి ఒకదానినొకటి త్రోసికొనుచు, దినములకొలది తేలుచునే యుండును. ఉప్పునీరు తగిలినంతనే ఆ త్రోపు సడలి, అణువులు గుంపులు కట్టి, బరువెక్కి అడుగునకు దిగును. దీనిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. రెండు గాజుగ్లాసులలో బంకమన్ను కలిపిన నీరు పోసి, ఒకదానిలో చెంచాడు ఉప్పు వేసి కలియబెట్టి కదల్పక యుంచుడు. ఉప్పు వేసిన గ్లాసులోని నీరు ముందుగా తేరును. మన పెద్దలు బురదనీటిని తేర్చుటకు బిందెలో ఇండుపగింజ అరగదీసెడివారు గదా. సముద్రమున ఆ గింజ చేయు పనిని ఉప్పు చేయుచున్నది.

ఇక రెండవ కారణము వేగము. పోటునీరు లోపలికి వచ్చి, పాటు మొదలగుటకు ముందు కొంతసేపు కదలక నిలుచును. ఆ నిలుకడలోనే బురద దిగును. ఒక్కొక్క పోటు విడిచిపోవు పొర కాగితమంత మందమైనను ఉండదు. కాని సంవత్సరమునకు ఏడువందల పోటులు వచ్చును. అప్పువడ్డీవలె సద్దులేకుండ పెరుగు లెక్క యిది. అయితే వడ్డీ యిల్లు కూల్చును, బురద నేలను కట్టును.

గడ్డి, మడ

బురద కొంత యెత్తు పెరిగి, పాటువేళ కొన్ని గంటలు గాలి తగులునంతటిదైనప్పుడు దానిపై మొక్క లేచును. ముందుగా ఉప్పునోర్చు గడ్డులు, ఇలకూరవంటి కండగల మొక్కలు, తెల్లమడ మొలకలు వచ్చును. మొక్క యొకటి లేచినంతనే పని వేగము పుంజుకొనును. కాండములు నీటిని నెమ్మదింపజేయును. నెమ్మదించిన నీరు మఱింత బురదను విడుచును. వేళ్లు ఆ బురదను పట్టియుంచును. రాలిన ఆకులు క్రుళ్లి నేలకు చేరును. చేనిగట్టుమీద గడ్డి పెంచినచో గట్టు నిలుచునని మనమెఱుగుదుము. అదే ధర్మము అచ్చటను.

నల్లమడ, తెల్లమడలు బురదలో గాలి చాలక తమ వేళ్లను మేకులవలె పైకి లేపి ఊపిరి పీల్చును, ఎక్కువైన ఉప్పును ఆకులగుండ విసర్జించును. పొన్నచెట్టు మఱ్ఱియూడలవంటి కాళ్లు దింపుకొని నిలుచును. దాని విత్తనము చెట్టుననే మొలకెత్తి, పొడవైన కాయవలె వ్రేలాడి, రాలినపుడు గుంజవలె బురదలో దిగబడును. తిల్లచెట్టు పాలు కంట పడరాదని తీరమున పిల్లవాండ్రకు సైతము తెలియును. ఈ చెట్ల వేళ్లనడుమనే రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరుగును. కావున మడయడవి సముద్రపు చేపలకు నారుమడి వంటిది.

నేల పెరిగినకొలది దానిని చేరు పోటుల సంఖ్య తగ్గును. పోటులు తగ్గినకొలది క్రొత్త బురదయు తగ్గును. కావున పర్ర పర్వదినపు పోటుమట్టమునకు సమీపించి ఆగిపోవును. ఇందొక విచిత్రము గలదు. ఇంకను కొంచెము యెత్తైన చోటికి నీరు అమావాస్య పౌర్ణములకు మాత్రమే యెక్కి, తిరిగి పోక యెండకు ఇగిరిపోవును. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పున్నది. నీరు ఇగిరినను ఉప్పు నిలిచియుండును. అందుచేత రోజూ మునుగు పల్లపునేలకంటె ఎప్పుడో యొకప్పుడు మునుగు మెట్టనేలయే హెచ్చు ఉప్పగిల్లి, గడ్డిపోచయైన లేని చవిటిబయలగును. ఉప్పు నీటితో వచ్చుటవలన నేల చెడదు. వచ్చిన ఉప్పు పోవుటకు దారి లేనప్పుడు చెడును. సభ్యులు ఈ వాక్యమును జ్ఞాపకముంచుకొనవలెను.

మొగలు, దిబ్బలు, ఇసుకతిన్నెలు

పాటువేళ వెనుకకు మరలు నీరు పల్లమును వెదకికొనుచు చిన్న చాళ్లు కోయును. చాళ్లు కలిసి కాలువలు, కాలువలు కలిసి మొగలు ఏర్పడును. పైనుండి చూచినచో చెట్టు కొమ్మలు రెమ్మలుగా చీలినట్లుండును. ఈ మొగలే పర్రకు నాడులు. వీనిగుండ బురద లోపలికి వచ్చును, ఉప్పు వెలుపలికి పోవును. మొగ పూడినచో దాని వెనుకనున్న మడ మొదట వాడి, పిదప ఎండిపోవును.

సముద్రము మఱియొక పనియు చేయును. నైరుతి ఋతుపవనకాలమున అలలు ఏటవాలుగా తీరమును కొట్టి, ఇసుకను ఉత్తరదిశకు నడిపించును. గోదావరి ముఖమునుండి యిట్లు నడచిన యిసుక కాకినాడ యెదుట సుమారు 16 కిలోమీటర్ల పొడవున తిన్నెగా పెరిగినది. దీనినే హోపు దీవి యందురు. దానికి గోడవంటి ఆశ్రయము దొరకగా లోపలి నీరు శాంతించి, బురద దిగి, కోరింగ మడయడవి విస్తరించినది. ఆ ప్రాంతమున సుమారు 235 చదరపు కిలోమీటర్లు 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడెను. అదే బురద కోరింగ రేవును పూడ్చినది. 1789లోను 1839లోను తుపానులు ఆ రేవును నేలమట్టము చేసెను. వర్తకము క్రమముగా కాకినాడకు చేరెను. ఒక చోట భూమి పెరిగినచో మఱియొకచోట తఱుగుట తీరపు స్వభావము. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ గ్రామము ఏటేట సముద్రపు కోతకు గుఱియగుచునే యున్నది.

ఇదంతయు నిన్నమొన్నటి పని కాదు. సుమారు ఇరువదివేల సంవత్సరముల క్రిందట, లోకమున మంచు మెండుగానున్న కాలమున, సముద్రము నేటికంటె 120 మీటర్లు క్రిందనుండెను. మంచు కరగి నీరు పెరిగి, ఆఱేడువేల యేండ్ల క్రిందట నేటి మట్టమునకు సమీపించిన పిదపనే మన కృష్ణా గోదావరి డెల్టాలు ముందుకు పెరుగ మొదలిడెను. రెండు డెల్టాలనడుమ చిక్కిన సముద్రపుటఖాతమే కొల్లేరు. దానికిని సముద్రమునకును నేడు మిగిలిన బంధము ఉప్పుటేఱు ఒక్కటియే.

నేను చేసిన పొరపాటు

ఇప్పుడు నా స్వానుభవమొకటి చెప్పెదను. ఇది గొప్ప కొఱకు కాదు, హెచ్చరిక కొఱకు.

మిషను పాఠశాలలో చదివి, వ్యవసాయశాస్త్రము నేర్చి, ఉద్యోగమున చేరిన క్రొత్తలో నన్ను దివిసీమలోని యొక గ్రామమునకు పంపిరి. ఊరివెనుక పర్ర, పర్రలోనుండి పొలము వఱకు చిన్న మొగ యుండెను. పర్వదినములలో మొగ పొంగి, పది పన్నెండెకరముల వరినేలను తడిపెడిది. నేను కొలతలు తీసి, మొగ నోటికి అడ్డముగా మట్టికట్ట వేసినచో ఉప్పునీరు రాదనియు, మూడేండ్లలో నేల మంచిదగుననియు సలహా యిచ్చితిని. రైతులు నా మాట నమ్మిరి. నలుగురు సంఘమున అప్పు తీసికొనిరి. జ్యేష్ఠమాసమున కట్ట పూర్తియయ్యెను. నేను సంతోషించి పై యధికారులకు నివేదిక వ్రాసితిని.

ఆ యేడు వానలు బాగుగనే కురిసెను. కట్ట వెనుక నీరు నిలిచెను. పోవుటకు దారి లేదు. నారు క్రుళ్లెను. మాఘమాసమునకు నీరు ఇగిరి, అడుగునుండి ఉప్పు పైకెగబ్రాకి, నేలయంతయు సున్నము చల్లినట్లు తెల్లబడెను. కట్టలోపలి మడచెట్లు ఎండెను. పశువులకు మేతయు, పొయ్యిలోనికి పుల్లలును పోయెను. అప్పటికి డెబ్బదియేండ్ల వృద్ధుడొకాయన, తానును అప్పు తీసికొన్నవాడే, నన్ను పొలములోనికి పిలుచుకొనిపోయి, చిటికెడు మన్ను నోట వేసికొని ఉమిసి యిట్లనెను:

"బాబుగారూ, ఉప్పు రాకుండా కట్టించారు, బాగుందండీ. వచ్చిన ఉప్పు పోయే దారేదండీ?"

నాయొద్ద జవాబు లేదు. ఆయన నన్ను నిందింపలేదు. నిందించియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది. తరువాత కట్ట అడుగున తూము పెట్టించితిమి. తూమునకు సముద్రమువైపు వ్రేలాడు తలుపు అమర్చితిమి. పోటు వచ్చినపుడు నీటి త్రోపునకు తలుపు తానై మూసికొనును. పాటువేళ లోపలి నీటి త్రోపునకు తానై తెఱచుకొనును. వాననీరు ఉప్పును కరగించికొని వెలుపలికి పోయెను. మూడవయేట పంట వచ్చెను గాని, నిండు పంట కాదు. ఎండిన మడ మాత్రము మరల రాలేదు. ఆ రైతుల వాయిదాలు తప్పి వడ్డీ పెరిగినది. ఆ వడ్డీ నా చదువునకు వారు చెల్లించిన జీతమని నేటికిని తలచుచున్నాను.

మాఱుచున్న తీరము

పర్ర నిలుచుటకు రెండు సరఫరాలు కావలెను. ఎగువనుండి మన్ను, దిగువనుండి పోటు. వీనిలో మొదటిది నేడు తగ్గుచున్నది. సర్ ఆర్థరు కాటను ధవళేశ్వరమున ఆనకట్టను 1847–1852 నడుమ కట్టించెను. విజయవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. దానిస్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చెను. పిమ్మట నాగార్జునసాగరము, శ్రీశైలము మున్నగు పెద్ద జలాశయములు నిర్మింపబడెను. ఇవి లక్షలాది రైతులకు అన్నము పెట్టినవి, వానిని తూలనాడుట కృతఘ్నత. కాని జలాశయములో నీరు నిలిచినపుడు ఒండ్రును నిలిచిపోవును. 1966–69 నడుమ కృష్ణ సముద్రమునకు ఏటికి సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రును మోయుచుండగా, 2000–2005 నాటికి అది సుమారు 4 లక్షల టన్నులకు పడిపోయెనని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. గోదావరియందు 1970 దశాబ్దిలో సుమారు 15 కోట్ల టన్నులుండగా, 2000–2006 నాటికి 5 కోట్ల 70 లక్షల టన్నులకు తగ్గెను. 1965 మొదలు 2008 వఱకు ఈ రెండు డెల్టాల తీరమున, పెరిగిన నేలను మినహాయించి, మొత్తముమీద సుమారు 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రము పాలైనది.

రెండవవైపున సముద్రము పెరుగుచున్నది. 1901 మొదలు 2018 వఱకు లోకసగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. ఇటీవలి యేండ్లలో ఏటికి మూడు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున హెచ్చుచున్నది. మన్ను చాలినంత దొరకినచో పర్ర సముద్రముతోపాటు తానును పెరుగగలదు. దొరకనిచో మునుగును. వెనుకకు జరుగుదమన్నను వెనుక కట్టలు, చెఱువులు అడ్డము. 1990 ప్రాంతమున రొయ్యలచెఱువుల మోజున చాలచోట్ల మడలు నఱకబడెను. తీరమున సాగుచున్న రొయ్యల పెంపకముపై 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు కఠినమైన తీర్పు నిచ్చెను.

మడ పోయినచో నష్టము చెట్టుతో ఆగదు. 1977 నవంబరు 19వ తేదీ రాత్రిని దివిసీమ మఱువలేదు. అయిదారు మీటర్ల యెత్తున ఉప్పెన వచ్చి పదివేలకు మించిన ప్రాణములను గొనిపోయెను. సొర్లగొంది మున్నగు గ్రామములు గ్రామములే తుడిచిపెట్టుకొనిపోయెను. అంతటి ఉప్పెనను మడ పూర్తిగా ఆపునని చెప్పుట అసత్యమగును. కాని వెడల్పైన మడయడవి అలల బలమును విఱుచుననుట సత్యము. 1999లో ఒరిస్సా మహాతుపానునందు కేంద్రపడ ప్రాంతమున మడలు వెడల్పుగా మిగిలిన చోట్ల గ్రామములలో మరణములు తక్కువయని పిమ్మట జరిగిన పరిశీలనలో తేలినది.

తిరిగి కట్టుట

చెడినదానిని బాగుచేయు మార్గము లేకపోలేదు. 1990 దశాబ్ది చివర కృష్ణా గోదావరి ముఖములందు అటవీశాఖ, ఎం. యస్. స్వామినాథను పరిశోధనా సంస్థ, గ్రామస్థులు కలిసి పాడైన మడలను పునరుద్ధరించిరి. వారు ముందుగా మొక్కలు నాటలేదు. చేపముల్లువలె నడుమ పెద్దకాలువయు, ఇరువైపుల పిల్లకాలువలును త్రవ్వి, పోటునీరు వచ్చిపోవుటకు దారి చేసిరి. నిలిచిన ఉప్పు కడుగుకొనిపోయెను. ఆ పిదప నాటిన మొక్కలు పట్టెను. నాకు ఆ వృద్ధుడు చెప్పిన పాఠమే యిది.

పరదేశములందును ఇదే త్రోవ. హాలెండు, జర్మనీ తీరములందు రైతులు బురదలో కంపకొమ్మల దడులు కట్టి, నీటిని నెమ్మదింపజేసి, పర్రను పెంచుకొనిరి. ఇంగ్లండులోని ఎసెక్సు తీరమున 2002లో ఒక పొలమునకు అడ్డముగానున్న సముద్రపు కట్టను బుద్ధిపూర్వకముగా తెగగొట్టి, పోటునీటిని లోనికి రానిచ్చి, పర్రను మరల పుట్టించిరి. కట్టకంటె కట్ట ముందరి పర్రయే చవుకయైన కాపని వారు గ్రహించిరి.

బాపట్ల ప్రాంతపు ఇసుకనేలలలో రైతుల నేర్పును చెప్పక విడువరాదు. అచ్చట వాననీరు తేలికగుటచే ఇసుకలో ఉప్పునీటిపైన మీగడవలె తేలుచుండును. లోతుగా బావి త్రవ్వినచో ఉప్పు తగులును. అందుచేత లోతులేని దొరువులు త్రవ్వి, మీగడ తీసినట్లు పైనీటిని మాత్రము మెల్లగా తోడుకొందురు. ఆశపడి బలమైన యంత్రముతో తోడినయెడల అడుగు ఉప్పు పైకి వచ్చును.

మనకు పాఠమేమి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. పీర్జాదీగూడ, ప్రతాపసింగారము మున్నగు చోట్లవైపు మూసీ నీటితో పారాగడ్డియు వరియు పండించుచున్నారు. అది నగరపు మురుగుతో కూడిన నీరు. అందు ఎఱువు కలదు, ఉప్పును కలదు. సముద్రము మనకు దూరమే గాని, ఉప్పు మన కాలువలోనే వచ్చుచున్నది. పర్ర ధర్మమే యిచ్చటను వర్తించును. కావున సభ్యులకు నా విన్నపములివి:

ఒకటి. నేలను పరీక్ష చేయింపుడు. మట్టిరసపు విద్యుద్వాహకత 4 డెసిసీమెన్సులకు మించినచో అది ఉప్పునేల. ఉదజని సూచిక 8.5కు మించి, సోడియము హెచ్చుగా నున్నచో క్షారనేల. రెంటికిని వైద్యము వేఱు. తెలియక మందు వేయరాదు.

రెండు. ముందు మురుగుకాలువ, తరువాత నీరు. పొలము పల్లపు మూలనుండి నీరు పోవు దారి తీయక ఎంత నీరు పెట్టినను ఉప్పు పోదు. ఇరుగుపొరుగు పొలములకు కలిపి ఒకే కాలువ కావలెను. ఇది ఒక్కరివలన కాదు, సంఘము పని. పై రైతు తన మురుగును క్రింది రైతు మడిలోనికి విడుచుట కాలువ యనిపించుకొనదు.

మూడు. ఉప్పు కడుగుటకు మూసీ నీరు పనికిరాదు. ఆషాఢ శ్రావణముల వాననీటిని మడిలో గట్లుకట్టి నిలిపి ఇంకనీయవలెను. అడుగు లోతు నేలలోని ఉప్పులో హెచ్చుభాగము పోవుటకు ఇంచుమించు అడుగు నీరు ఇంకవలెను.

నాలుగు. క్షారనేలలో ఉప్పు కడిగినంతమాత్రమున చాలదు. గ్లాసు పరీక్షను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఉప్పు మెండుగా నున్నంతవఱకు బంకమన్ను గుంపుకట్టియుండును. ఉప్పు పోయి సోడియము మాత్రము మట్టిని పట్టుకొనియున్నచో గుంపు విచ్చి, నేల తడిసినపుడు జిగట, ఆఱినపుడు రాయి యగును. అట్టిచోట పరీక్ష చెప్పిన మోతాదున జిప్సము వేసి, దుక్కి చేసి, పిదప నీరు పెట్టి కడుగవలెను. జీలుగ చల్లి పూతకు ముందు కలియదున్నుట యుభయనేలలకును మేలు.

అయిదు. వేసవిలో నేలను బోడిగా విడువకుడు. ఎండకు నీరు ఇగిరి ఉప్పు పైకి వచ్చును. గడ్డియో, చెత్తకప్పుడో, పైపైని దుక్కియో యుండవలెను. ఉప్పునోర్చు వరివంగడములనుగూర్చి మచిలీపట్నము వ్యవసాయ పరిశోధనాస్థానమువారు చేసిన కృషి గలదు. వారి విత్తనము మన ప్రాంతమున కొద్దిచోట పరీక్షించి చూడవచ్చును.

ఆఱు. మీ మన్ను మీ చేనిలోనే నిలుపుకొనుడు. "అట్లయిన డెల్టాకు మన్ను తగ్గదా?" యని మీరడుగవచ్చును. నేటి స్థితిలో మన చేనినుండి పోయిన మన్ను సముద్రము చేరుటకు ముందే చెఱువులలోను, జలాశయములలోను ఆగి, వానిని పూడ్చుచున్నది. అది మనకును గాదు, దివిసీమ రైతునకును గాదు. ఒండ్రును అడ్డుగోడలు దాటించుట జలాశయముల ఇంజనీర్ల పని. గట్టు తెగకుండ కాచుట మన పని. 2015లో మిషను కాకతీయ మొదలైనప్పుడు చెఱువు పూడిక తీసి పొలములకు తోలుకొన్నవారికి ఆ మన్ను విలువ తెలియును.

ముగింపు

ఆ సభలో లేచి ప్రశ్నించిన సభ్యులకు నేను కృతజ్ఞుడను. ఆయన ప్రశ్నకు నా సమాధానమిది: సముద్రము మనకు వందలకొలది కిలోమీటర్ల దూరమున నున్నది. కాని మన పొలమునుండి పోయిన మన్ను అచ్చటి నేలలో నున్నది, అచ్చటి నేలను చెఱచిన ఉప్పు మన మడిలోను నున్నది. ఎగువ రైతును దిగువ రైతును ఒకే నీరు త్రాగువారు.

వచ్చే మాసపు సభకు ప్రతి సభ్యుడును తన పొలములో పంట తక్కువైన చోటినుండి ఒకటియు, పంట బాగున్న చోటినుండి ఒకటియు, రెండు మట్టిపొట్లములు తెచ్చి, వానిపై పేరును సర్వేనంబరును వ్రాసి యీయవలెను. అన్నియు ఒక్కసారిగా పరీక్షకు పంపుదము. ఆ వృద్ధునివలె నోట వేసికొని చూడనక్కరలేదు గాని, ఆయన వేసిన ప్రశ్నను మాత్రము ప్రతి మడిగట్టుమీద నిలుచుండి మనమును వేసికొనవలెను. వచ్చిన ఉప్పు పోయే దారేది?